ఐస్ కోర్ గ్రాఫులో కార్బన్ డయాక్సైడ్ నాలుగు వేల ఏళ్ళు ముందే పెరిగినట్టు వస్తోంది, తప్పెక్కడ?

ఫైనలియర్:
అందరికీ నమస్కారం. బీఎస్సీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు చేస్తున్నాను. అంటార్కిటికాలో డోమ్ సీ అనే చోట యూరప్ దేశాల ఎపికా బృందం తవ్వి తీసిన ఐస్ కోర్ (పొడవాటి మంచు కడ్డీ) డేటా డౌన్‌లోడ్ చేశాను. ఒక ఫైల్లో లోతు, మంచు వయసు, డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) నుంచి లెక్కగట్టిన ఉష్ణోగ్రత ఉన్నాయి. రెండో దాంట్లో లోతు, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయి. ఎక్సెల్లో లోతును బట్టి రెండూ కలిపి, మొదటి ఫైల్లోని వయసునే రెండింటికీ వాడాను. చివరి మంచుయుగం ముగిసేచోట కార్బన్ డయాక్సైడ్ దాదాపు 22 వేల ఏళ్ళ కింద పెరగడం మొదలైతే, ఉష్ణోగ్రత 18 వేల ఏళ్ళ దగ్గర మొదలైంది. ముందు గ్యాసు, తర్వాత వేడి అని తేలిపోయిందని సంబరపడ్డాను. మా గైడ్ మేడమ్ చూసి "వయసులు మళ్ళీ చూసుకో" అని ఒక్క మాటనేసి వెళ్ళిపోయారు. ఇంకో ఫైల్లో వయసులు మైనస్‌లో కూడా ఉన్నాయి! సోమవారం సెమినార్, టెన్షన్‌గా ఉంది.

లెక్కలపిచ్చి:
తమ్ముడూ, గ్యాసు వయసు, మంచు వయసు వేరువేరుగా ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ వయసుల్లోంచి 4 వేలు తీసెయ్, సరిపోతుంది.

చలిమిడి:
అలా గుండుగుత్తగా తీసేయకండి, ఇంకో తప్పవుతుంది. మంచు నమూనాల ల్యాబులో కొన్నాళ్ళు పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఇంట్లో బొంబాయి రవ్వ డబ్బా ఊహించుకోండి. అడుగున ఉన్న రవ్వ నిరుడు పోసినదే. కానీ రవ్వ సందుల్లోని గాలి ఇవాళ్టిది, పైనుంచి దిగుతూనే ఉంటుంది. అంటార్కిటికాలో పడిన మంచు కూడా చాలా లోతు వరకు ఇలా రవ్వలాగే ఉంటుంది. దాన్ని ఫిర్న్ అంటారు. పైన బరువు పెరిగేకొద్దీ కిందది నొక్కుకుపోయి, డోమ్ సీలో సుమారు 100 మీటర్ల లోతున సందులు మూసుకుని బుడగలవుతాయి. గాలి బందీ అయ్యేది అప్పుడే. చుట్టూ ఉన్న మంచు మాత్రం అప్పటికే వేల ఏళ్ళ పాతది.

అంటే ఒకే లోతులో మంచు ముసలిది, దాని లోపలి గాలి పడుచుది. ఉష్ణోగ్రత సమాచారం మంచు అణువుల్లో ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ గాలిలో ఉంటుంది. మీరు గాలికి మంచు వయసు అంటగట్టారు కాబట్టి గ్యాసు ఉన్నదానికంటే పాతదై, ముందే పెరిగినట్టు కనిపించింది. 22 వేల దగ్గర మీకు కనబడిన ఆ మలుపు నిజానికి 18 వేల చుట్టుపక్కలదే.

4 వేలు అన్నిచోట్లా ఎందుకు తీయకూడదంటే, ఈ తేడా మంచు ఎంత వేగంగా పడిందన్న దాన్ని బట్టి మారుతుంది. డోమ్ సీ పేరుకే మంచు దేశం, నిజానికి ఎడారి. ఏడాదికి పడే మంచును కరిగిస్తే 3 సెంటీమీటర్ల నీళ్ళు కూడా కావు. ఇప్పటి వాతావరణంలో తేడా రెండు వేల ఏళ్ళ పైచిలుకు. మంచుయుగంలో మంచు ఇంకా తక్కువ పడేది, అందుకే అప్పుడు దాదాపు రెట్టింపు. డేటా ఇచ్చేవాళ్ళు "గ్యాస్ ఏజ్" అని విడిగా కాలమ్ ఇస్తారు. కార్బన్ డయాక్సైడ్, మీథేన్‌లకు అదే వాడండి. రెండు ఫైళ్ళూ ఒకే కాలమానం మీద ఉన్నాయో లేదో పైన వివరణ వరుసల్లో చూసుకోండి.

ఫైనలియర్:
చలిమిడి మేడమ్, ఇప్పుడు వెలిగింది. మరి మైనస్ వయసులు? అక్కడ బీపీ అని రాసుంది.

లెక్కలపిచ్చి:
రక్తపోటు కాదు తమ్ముడూ 😀 బిఫోర్ ప్రెజెంట్. ఆ "ప్రెజెంట్" 1950. రేడియోకార్బన్ వాళ్ళు పెట్టిన అలవాటు. 137 బీపీ అంటే 1813. మైనస్ 51 అంటే 2001. ఈసారి నా లెక్క కరెక్టే అనుకుంటా.

చలిమిడి:
కరెక్టే. అంత కొత్త గాలి బుడగల్లో దొరకదు, ఇంకా మూసుకోని ఫిర్న్‌లోంచి పంపుతో పీల్చి తీస్తారు.

కార్బన్ డయాక్సైడ్‌కు 2008 నాటి సంకలనం కాకుండా 2015లో సవరించినది తీసుకోండి. 6 నుంచి 8 లక్షల ఏళ్ళ మధ్య మంచులోంచి గాలి పూర్తిగా బయటికి రాకపోవడం వల్ల పాత విలువలు కొన్ని పీపీఎంలు (పది లక్షల్లో ఇన్ని వంతులని) తక్కువగా వచ్చాయని తర్వాత తేలింది. పాత స్లైడుల్లో "8 లక్షల ఏళ్ళలో కనిష్ఠం 172" అని కనిపించేది ఆ పాత లెక్కే.

కెమిస్ట్రీ మాస్టారు:
నాదొక సందేహం. మంచు కరిగిస్తే కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కలిసిపోదూ? సోడా తయారైనట్టే గదా. కొలత ఎలా నమ్మడం?

చలిమిడి:
అందుకే మాస్టారూ, కార్బన్ డయాక్సైడ్ కోసమైతే అసలు కరిగించరు. మైనస్ 20 డిగ్రీల చలిలో, శూన్యంలో పెట్టి మంచును సూదులతో చితక్కొట్టడమో, కొబ్బరి కోరినట్టు కోరడమో చేస్తారు. బయటికొచ్చిన గాలిని, గ్యాసుల్ని విడదీసి కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్‌కో లేజర్‌కో ఇస్తారు. కిలో మంచులో దొరికేది సుమారు 100 మిల్లీలీటర్ల గాలి. వాడే ముక్క కొన్ని గ్రాములే కాబట్టి చేతికొచ్చేది చెంచాడంత కూడా ఉండదు. మీథేన్ నీళ్ళలో పెద్దగా కరగదు గనుక దానికి కరిగించినా నడుస్తుంది.

మీరన్న రసాయనం గ్రీన్‌లాండ్‌లో నిజంగానే కొంప ముంచింది. అక్కడి మంచులో దుమ్ము ఎక్కువ. దుమ్ములోని కార్బొనేట్, ఆమ్లాలు కలిసి మంచు లోపలే కొత్తగా కార్బన్ డయాక్సైడ్ పుట్టిస్తాయి. అందుకే ఈ గ్యాసుకు అంటార్కిటికానే ఆధారం. గ్రీన్‌లాండ్ మీథేన్ మాత్రం బంగారంలాంటిది. మీథేన్ ప్రపంచమంతా దాదాపు ఒకేసారి పెరిగి తగ్గుతుంది కాబట్టి రెండు ధ్రువాల కోర్లనూ దాంతోనే జత కలుపుతారు.

ఫైనలియర్:
గ్రాఫు చివర హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలో నేరుగా తీసిన కార్బన్ డయాక్సైడ్ కొలతలు కూడా అతికిద్దామనుకుంటున్నా. 1958లో 315, ఇప్పుడు 420 దాటింది. చివర్లో నిటారుగా లేస్తుంది, బాగుంటుంది.

చలిమిడి:
ఆ నిటారు గీత మీదే మొదటి ప్రశ్న పడుతుంది, సిద్ధంగా ఉండండి. బుడగలన్నీ ఒక్కరోజులో మూసుకోవు. కాబట్టి డోమ్ సీ నమూనా ఒక్కొక్కటీ చాలా దశాబ్దాల, ఒక్కోసారి శతాబ్దాల గాలికి సగటు. మౌనా లోవా నెలనెలా కొలిచినది. రెండూ నేరుగా పక్కపక్కన పెడితే "పూర్వం కూడా ఇలాంటి ముల్లు ఏదైనా ఉండి, సగటులో అణిగిపోయిందేమో" అని అడగడం న్యాయమే.

మధ్యలో లా డోమ్ అనే చోటి కోర్ డేటా పెట్టండి. తూర్పు అంటార్కిటికా తీరం దగ్గరిది. అక్కడ కొన్నిచోట్ల ఏడాదికి మీటరు పైన మంచు చేరుతుంది, గాలికీ మంచుకూ తేడా ముప్పై ఏళ్ళ చిల్లరే, సగటు కూడా ఓ పది పదిహేనేళ్ళకు మించదు. దాని కొత్త గాలి నేరుగా కొలిచిన విలువలతో సరిపోలుతుంది, అది మీకు పెద్ద బలం. పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 280, ఆ తర్వాత ఎక్కుడు, అంతా అందులోనే కనిపిస్తుంది. ఇప్పటి పెరుగుదల వందేళ్ళు దాటి సాగుతోంది, ఒకసారి పెరిగిన కార్బన్ డయాక్సైడ్ త్వరగా తగ్గదు కూడా. ఇంత పెద్దది పూర్వం వచ్చి ఉంటే డోమ్ సీలో మొద్దుబారినా సరే, ఏదో ఒక గుట్టగానైనా కనబడాలి. 8 లక్షల ఏళ్ళలో 300 దాటిన గుట్ట లేదు.

కెమిస్ట్రీ మాస్టారు:
అమ్మాయ్, అసలు ప్రశ్న మిగిలిపోయింది. ముందు వేడా, ముందు గ్యాసా? మా బంధువుల వాట్సాప్ గ్రూపులో "వేడి ముందొచ్చింది, కాబట్టి గ్యాసు తప్పేం లేదు" అని నెలకోసారి తిరుగుతుంటుంది.

చలిమిడి:
దానికి మూలం 2003లో అంటార్కిటికాలోనే వోస్తోక్ అనే చోటి కోర్ మీద వచ్చిన పరిశోధన. దాదాపు 2 లక్షల 40 వేల ఏళ్ళ కిందటి వేడెక్కుడులో కార్బన్ డయాక్సైడ్ అంటార్కిటికా ఉష్ణోగ్రత కంటే 800 ఏళ్ళు వెనక, 200 అటూఇటూగా, అని తేల్చారు. వాళ్ళు చేసిన తెలివైన పనేమిటంటే, ఉష్ణోగ్రత కూడా బుడగల్లోని ఆర్గాన్ వాయువు నుంచే రాబట్టారు, రెండు వయసుల గొడవే లేకుండా. చివరి మంచుయుగం ముగింపు మీద 2013లో నైట్రోజన్ ఐసోటోపులతో (అదే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులు) లోతులు సరిచేసి చూస్తే, రెండూ దాదాపు కలిసే కదిలాయి. పైగా ఇదంతా ఒక్క అంటార్కిటికా ఉష్ణోగ్రత. లోకమంతటి సగటు తీసుకుంటే చివరి ముగింపులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడే ముందుందని 2012లో ఇంకో బృందం చూపించింది.

వేడెక్కడాన్ని భూకక్ష్య మార్పులు మొదలుపెట్టాయి, వేడెక్కిన దక్షిణ మహాసముద్రం గ్యాసు వదిలింది, ఆ గ్యాసు మిగతా ప్రపంచాన్ని ఇంకా వేడెక్కించింది. ఇప్పుడు గ్యాసు సముద్రంలోంచి కాదు, మన పొగగొట్టాల్లోంచి వస్తోంది.

ఫైనలియర్:
గ్యాస్ ఏజ్ పెట్టి మళ్ళీ గీశాను. రెండు గీతలూ 18 వేల దగ్గర దాదాపు అతుక్కుపోయాయి. నిజం చెప్పాలంటే మొదటి గ్రాఫే నాకు ఎక్కువ నచ్చింది, అందుకే కాబోలు అనుమానం రాలేదు.

చలిమిడి:
పాత గ్రాఫు పారేయకండి. సెమినార్‌లో మొదటి స్లైడుగా అదే చూపించి, తప్పెక్కడుందో వాళ్ళనే కనిపెట్టమనండి. అడ్డం అక్షం మీద "వయసు" అని వదిలేయకుండా "గ్యాస్ ఏజ్, 1950కి ముందు వేల ఏళ్ళు" అని పూర్తిగా రాయండి.