ఓపెన్ మహిళ పోస్టు బీసీ అమ్మాయికి వెళ్తే అది రెండుసార్లు లబ్ధి పొందినట్టేనా?

ప్రశ్న: సాయంత్రం_స్టడీహాల్

సెలక్షన్ లిస్టు వచ్చిన ప్రతిసారీ ఇదే గొడవ. బీసీ-బి అభ్యర్థినికి ఓపెన్ మహిళ పోస్టు వస్తే, "వాళ్ల కోటా వాళ్లకుంది కదా, మళ్లీ ఇందులోకి ఎందుకు?" అని కొందరు అడుగుతారు. "మార్కులొచ్చాయి, పోస్టొచ్చింది" అని ఇంకొందరంటారు. రూలు ఏమిటన్నది ఒక ప్రశ్న, అది న్యాయమేనా అన్నది వేరే ప్రశ్న. తెలిసినవాళ్లు రెండూ లెక్కతో చెప్పండి. ముఖ్యంగా మహిళల 33⅓ శాతం ఏ దశలో వేస్తారో నాకు అంతుపట్టడం లేదు.

రూల్22:

ఓపెన్ అంటే ఓసీల (కుల రిజర్వేషన్ లేనివాళ్ల) కోటా అనుకోవడంతోనే గొడవ మొదలవుతోందండీ. ఆంధ్రప్రదేశ్ లెక్క చూడండి. బీసీలకు 29 (ఎ 7, బి 10, సి 1, డి 7, ఇ 4), ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, ఈడబ్ల్యూఎస్‌కు (ఈ రిజర్వేషన్లేవీ లేని వర్గాల్లోని పేదలకు) 10. వందలో ఇవి పోగా మిగిలేవి 40. ఆ 40కి కులం లేదు, రాష్ట్రంలో అర్హత ఉన్న ప్రతి ఒక్కరూ పోటీదారే. వాటిలోకి బీసీ, ఎస్సీ, ఎస్టీలు రాకూడదంటే, ఏ వెనకబాటూ చూపనక్కర్లేనివాళ్లకు 40 శాతం రిజర్వేషన్ ఇచ్చినట్టే. మెరిట్ పేరు చెప్పి మెరిట్‌కే తలుపు వేయడం అది. ఓపెన్‌లో సొంత మార్కులతో నెగ్గిన రిజర్వుడు అభ్యర్థిని కోటాలో లెక్కించకూడదని 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పు స్పష్టంగానే చెప్పింది. 50 శాతం పరిమితి బీసీ, ఎస్సీ, ఎస్టీలకు రిజర్వు చేసిన పోస్టులకే. ఆ కులాలవాళ్లు మొత్తం ఎంతమంది ఎంపిక కావచ్చన్నదానికి పరిమితి లేదు.

ఓపెన్ మహిళ పోస్టుల మీద సూటిగా వచ్చిన తీర్పు 2020 డిసెంబర్‌లోని సౌరవ్ యాదవ్ కేసు. ఉత్తరప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాల్లో ఒక ఓబీసీ అభ్యర్థినికి 276.5949 మార్కులు వచ్చాయి, ఎంపిక కాలేదు. జనరల్ మహిళల్లో ఆఖరున ఎంపికైన అభ్యర్థినికి వచ్చినవి 274.8298. ఓపెన్ మహిళ పోస్టుకు ఓబీసీ మహిళను చూడకూడదన్న వాదన ఫలితం అదీ. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటికే ఎంపికైన జనరల్ మహిళలను కదపకుండానే, ఎక్కువ మార్కులొచ్చిన ఓబీసీ మహిళలకు ఉద్యోగాలివ్వమంది.

మెరిట్_జాబితా:

33⅓ శాతం ఎక్కడ వేస్తారన్నది లెక్కతో చెప్తాను. ఓపెన్ పోస్టులు 30 అనుకుందాం, మహిళలకు కనీసం 10.

ముందు కులం, జెండర్ ఏదీ చూడకుండా మొదటి 30 ర్యాంకులు తీసుకోవాలి. అందులో మహిళలెందరో లెక్కపెట్టాలి. 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పని అయిపోయింది, ఇంకెవరినీ చేర్చరు, తీసేయరు. 7గురే ఉంటే 30 తర్వాతి ర్యాంకుల్లోని మొదటి ముగ్గురు మహిళలను, వాళ్లది ఏ కులమైనా, పైకి తెచ్చి, జాబితా అడుగున ఉన్న ముగ్గురు పురుషులను తప్పించాలి. ఆ ముగ్గురిలో రిజర్వుడు వర్గాలవాళ్లుంటే తమ తమ కేటగిరీ జాబితాలోకి తిరిగి వెళ్తారు. ఓపెన్ ఇలా ముగిశాకే ఒక్కో కేటగిరీనీ ఇదే పద్ధతిలో నింపాలి. వరస మారిందా, లెక్కంతా తప్పుతుంది.

ఎక్కువగా జరిగే తప్పు ఏమిటంటే, రోస్టర్‌లో (ఏ వరస నంబరు పోస్టు ఎవరికో చెప్పే పట్టికలో) మహిళలకు విడిగా పాయింట్లు, అంటే నంబర్లు, పెట్టేయడం. అప్పుడు 20 జనరల్ పోస్టులు, 10 మహిళ పోస్టులు అని రెండు ముక్కలవుతాయి. మొదటి 20 ర్యాంకుల్లో 8 మంది మహిళలు, తర్వాతి పదిలో నలుగురు ఉన్నారనుకోండి. సరైన పద్ధతిలో 12 మంది మహిళలు ఎంపికవుతారు. తప్పు పద్ధతిలో ఆ 8 మందికి తోడు ఇంకో పదిమంది వచ్చి 18 అవుతారు, 21 నుంచి 30 ర్యాంకుల్లోని ఆరుగురు పురుషులు అన్యాయంగా పోతారు. రెండోవైపు తప్పూ ఉంది. 10 దాటకూడదని ఆపేస్తే, సొంత మార్కులతో వచ్చిన ఇద్దరు మహిళలు నష్టపోతారు. ఈ 10 అడుగు హద్దు, పై హద్దు కాదు. 2007లో రాజేశ్ కుమార్ దరియా కేసులోనే కోర్టు దీన్ని వివరించింది. తెలంగాణలో మహిళలకు రోస్టర్ పాయింట్లు లేకుండా సమాంతరంగా, అంటే పైన చెప్పిన సరైన పద్ధతిలో, అమలు చేయాలని జీవో 3 వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో ఎన్ని నోటిఫికేషన్లు కోర్టుల చుట్టూ తిరిగాయో అభ్యర్థులకే తెలుసు.

కృష్ణలంక_మాట:

లెక్క ఒప్పుకుంటాను. న్యాయం సంగతి ఇంకా తేలలేదు. ఓపెన్ మహిళ పోస్టు బీసీ అమ్మాయికి వెళ్తే, అంతకంటే నాలుగు మార్కులు తక్కువొచ్చిన పేద ఓసీ అమ్మాయికి ఇక దారేది?

రూల్22:

ఆమె పేదరికానికి ఈడబ్ల్యూఎస్ ఉందండీ, 2019 నుంచి. 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో దాన్ని సమర్థించింది. బీసీ, ఎస్సీ, ఎస్టీ పేదలకు అందులో చోటు లేదన్నది గుర్తుంచుకోవాలి. ఇక ఓపెన్ మహిళ పోస్టు మహిళ అన్నందుకు ఉంది, పేదరికానికి కాదు. ఇద్దరూ మహిళలే అయినప్పుడు ఎక్కువ మార్కులున్నామెను కులం చూసి పక్కన పెట్టడానికి నాకైతే ఏ నైతిక ఆధారమూ కనిపించదు.

రెండుసార్లు లబ్ధి అన్న మాట కూడా నిలవదు. ఆమె తీసుకునేది ఒక్క పోస్టే. ఆమె ఓపెన్‌లో కూర్చుంటే బీసీ-బి కోటాలో ఒక చోటు మిగిలి, వెనకున్న ఇంకొకరికి అందుతుంది. కోటా పెట్టిందే అందుకు.

సీటు_స్లైడింగ్:

మెడికల్ సీట్లలో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. బీసీ-బి విద్యార్థినికి ఓపెన్ ర్యాంకుతో దూరపు కాలేజీలో సీటు వస్తుంది. కోటాలో చేరితే అదే ర్యాంకుకు గాంధీయో ఉస్మానియానో దొరకొచ్చు. తక్కువ ర్యాంకువాళ్లకు మంచి కాలేజీ, ఎక్కువ ర్యాంకామెకు దూరపు కాలేజీ అయితే అది ఆమె చదువుకు వేసిన శిక్షే. అందుకే మారనిస్తారు. అసలు చిక్కు ఆమె వదిలిన ఓపెన్ సీటు దగ్గర. దాన్ని ఓపెన్ జాబితాలో తర్వాతివాళ్లకిస్తే బీసీ-బికి ఒక సీటు తగ్గిపోతుంది, ఆమె బాగా చదవడం ఆమె వర్గానికే నష్టమవుతుంది. 2001 నాటి జీవో 550 ప్రకారం ఆ ఖాళీని అదే కేటగిరీ అభ్యర్థితో నింపాలి. కౌన్సెలింగ్ తర్వాత జాబితాలో మొదట చూడాల్సింది ఈ ఖాళీలే.

మెరిట్_జాబితా:

సెలక్షన్ లిస్టు వచ్చాక ఇంకో పరీక్ష కూడా చేసుకోవచ్చు. ఓపెన్‌లో ఆఖరి పురుషుడికి, ఆఖరి మహిళకు వచ్చిన మార్కులు విడివిడిగా రాసుకోండి. అంతకంటే ఎక్కువ మార్కులున్నవాళ్లెవరైనా కోటాలో కనిపిస్తే అడగాల్సిన ప్రశ్నలు మూడు: తనకు నచ్చిన పోస్టు కోసం కోటా ఎంచుకున్నారా, లోకల్ కేడర్ (పోస్టు ఉన్న జిల్లా లేదా జోన్) వేరా, వయసు సడలింపు వాడారా. కేంద్ర ఉద్యోగాల్లో 1998 జులై నాటి ఉత్తర్వు ప్రకారం వయసు, అర్హత, అనుభవం, ప్రయత్నాల సంఖ్యల్లో సడలింపు తీసుకుంటే ఓపెన్‌లో లెక్కించరు. 2017లో దీపా కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఫీజు మినహాయింపు ఆ జాబితాలో లేదు. రాష్ట్ర నియామకాలకు మాత్రం ఆయా రూల్స్, నోటిఫికేషన్ చూడాలి. 2010లో ఉత్తరప్రదేశ్ రూల్స్ మీద వచ్చిన జితేంద్ర కుమార్ సింగ్ తీర్పు సడలింపు వాడినవాళ్లనూ ఓపెన్‌లోకి రానిచ్చింది.

మూడింట్లో ఏదీ కారణం కాకపోతే అభ్యంతరాల గడువులోపే హాల్ టికెట్ నంబర్లు, మార్కులు, ఎంపికైన కేటగిరీ పట్టిక వేసి కమిషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. నియామక పత్రాలు చేతికి వచ్చాక సరిదిద్దడం ఎంతో కష్టం.