ద్వీపాంతరవాస శిక్ష పడిన బ్రిటిష్ ఖైదీలు ఆస్ట్రేలియాలో ఎలా జీవించారు?

ప్రశ్న:
ద్వీపాంతరవాసం అనగానే మనకు అండమాన్ సెల్యులార్ జైలు గుర్తుకు వస్తుంది. అయితే 1788 నుంచి 1868 వరకు బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి దాదాపు 1,62,000 మంది ఖైదీలను ఆస్ట్రేలియాకు తరలించారని చదివాను. అంతమందిని ఏ జైళ్లలో ఉంచారు? శిక్ష ముగిశాక వారు స్వదేశం చేరుకోగలిగేవారా? ఒకరిద్దరి జీవితాల ఆధారంగా ఎవరైనా వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం:
తొలి దశాబ్దాలలో చాలామందిని జైలు గోడల మధ్య ఉంచనే లేదు. పారిపోయినా చేరడానికి చోటు లేని ఆ దూరదేశంలో వారిని ప్రభుత్వ పనులకో, భూస్వాముల చాకిరీకో అప్పగించేవారు. సత్ప్రవర్తన కనబరిచినవారికి ‘టికెట్ ఆఫ్ లీవ్’ అనే అనుమతి పత్రం దక్కేది. అది చేతికి వచ్చినవారు నిర్ణీత జిల్లా దాటకుండా సొంతంగా పని చేసుకుని సంపాదించుకోవచ్చు.

ఫ్రాన్సిస్ గ్రీన్‌వే జీవితం చూడండి. బ్రిస్టల్‌లో భవన శిల్పిగా ఉంటూ దివాలా తీసిన ఆయనకు 1812లో ఫోర్జరీ నేరం కింద మరణశిక్ష పడింది. తరువాత దానిని 14 ఏళ్ల ద్వీపాంతరవాసంగా మార్చారు. 1814లో సిడ్నీ చేరిన ఆయన ప్రతిభను గుర్తించిన గవర్నర్ మక్వారీ, 1816లో రోజుకు మూడు షిల్లింగుల జీతం మీద ప్రభుత్వ భవన శిల్పిగా నియమించాడు. అంతవరకు పట్టణంలో తమ బస తామే చూసుకుంటున్న ప్రభుత్వ ఖైదీల కోసం ఆయన రూపొందించిన హైడ్ పార్క్ బ్యారక్స్ 1819లో పూర్తికాగా, ఆయనకు సంపూర్ణ క్షమాభిక్ష లభించింది. మక్వారీ వెళ్లిపోయాక 1822లో ఉద్యోగం పోయింది. 1837లో పేదరికంలో మరణించాడు.

రెండవ సమాధానం:
గ్రీన్‌వే బొమ్మను 1966లో పది డాలర్ల నోటు మీద ముద్రించారు గనుక ఆయన పేరు అందరికీ తెలుసు. కానీ ఖైదీలందరి బతుకూ అలాగే గడిచిందని అనుకోవడం అన్యాయమవుతుంది. చేతిలో విద్య లేనివారి గతి పూర్తిగా యజమాని స్వభావం మీదే ఆధారపడేది. ఎదురు తిరిగితే కొరడా దెబ్బలు, సంకెళ్లతో రోడ్డు పనులు. అక్కడ మళ్లీ నేరం చేస్తే నార్ఫోక్ దీవి, ఆ తరువాతి కాలంలో పోర్ట్ ఆర్థర్ అనే కఠిన శిక్షా స్థావరాలకు పంపేవారు.

ఇక తిరుగు ప్రయాణం. గడువు తీరినా ఓడ ఖర్చు ప్రభుత్వం భరించదు. పురుషులు కొందరు ఓడల్లో పనికి కుదిరి వెళ్లేవారు. స్త్రీలకు ఆ దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే. 1791లో మేరీ బ్రయంట్ భర్తతో, ఇద్దరు పిల్లలతో, మరి ఏడుగురు ఖైదీలతో గవర్నర్ పడవలో తప్పించుకుని, 69 రోజులకు తిమోర్‌లోని కుపాంగ్ చేరింది. అక్కడ పట్టుబడ్డాక, ఇంగ్లండ్ చేరేలోగా భర్తనూ పిల్లలిద్దరినీ పోగొట్టుకుంది. 1793లో ఆమెకు క్షమాభిక్ష ప్రసాదించారు.

మూడవ సమాధానం:
పై సమాధానాలలో సిడ్నీ తీరపు గాడిగల్ ప్రజల ప్రస్తావన లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. ఓడలు వచ్చిన మరుసటి ఏడాది, 1789లో, మశూచి వారిలో ఎంతోమందిని బలిగొన్నది. శిక్ష తీరిన పురుషుడికి 30 ఎకరాలు, పెళ్లయి ఉంటే మరో 20 ఎకరాలు ఇవ్వాలని గవర్నర్‌కు ఆదేశాలు ఉండేవి; ఆ భూములను ఏ ఒప్పందమూ పరిహారమూ లేకుండా అక్కడి ఆదివాసుల నుంచే తీసుకున్నారు.