పళ్ళెంలో తల, సీసాలో పచ్చమందు: డబ్బు లేకపోవడమే ఈ సినిమాల బలమా?

సెకండ్‌షో:
పిచ్చి సైంటిస్టులు, వాళ్ళు పుట్టించిన జీవాలు... ఈ చవక హారర్ సినిమాల మాటెత్తితే చాలు, "నవ్వుకోడానికి చూస్తాం" అంటారు. నేను ఒప్పుకోను. 1985లో వచ్చిన 'రీ-యానిమేటర్' చూడండి. షికాగోలో నాటకాలు వేయించే స్టూవర్ట్ గోర్డన్‌కి మొదటి సినిమా. ఖర్చు పది లక్షల డాలర్లలోపే. అందులో హెర్బర్ట్ వెస్ట్ అనే వైద్య విద్యార్థి మెరిసే పచ్చమందు ఎక్కించి శవాల్ని లేపుతాడు. చచ్చిన పిల్లి లేచి నేలమాళిగలో మీదపడే సీను ఉంది. అది బొమ్మ పిల్లని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. కానీ పైన బల్బు ఊగుతుంటే గోడల మీద నీడలు పరిగెడతాయి. వెస్ట్‌గా వేసిన జెఫ్రీ కూంబ్స్ ఆ బొమ్మతో ప్రాణం మీదికొచ్చినట్టే పెనుగులాడతాడు. నాకు నిజంగానే భయమేసింది. డబ్బుంటే ఖరీదైన పిల్లిని చేయించేవాళ్ళు, ఆ పెనుగులాట పోయేది. అందుకే లేమే వీటి బలం అంటాను.

రీలుపెట్టె:
అన్నా, సీను గురించి చెప్పింది నిజం, తేల్చింది తప్పు. అక్కడ పనిచేసింది నటుడూ లైటూ. 1931 నాటి 'ఫ్రాంకెన్‌స్టీన్' యూనివర్సల్ స్టూడియో సినిమా. జాక్ పియర్స్ వేసిన మేకప్, కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ తయారుచేసిన నిప్పురవ్వల యంత్రాలు... పిచ్చి సైంటిస్టు ల్యాబ్ అనగానే ఇవాళ్టికీ కళ్ళముందు మెదిలేది అదే. డబ్బు దాన్ని చెడగొట్టిందా? అదే ఏడాది డ్రాకులాగా వణికించిన బెలా లుగోసీ, 1955కల్లా ఎడ్ వుడ్ చవగ్గా తీసిన 'బ్రైడ్ ఆఫ్ ద మాన్‌స్టర్'లో సైంటిస్టు. అందులో రబ్బరు ఆక్టోపస్ తనంతట తాను కదలదు. దానికి చిక్కినవాళ్ళే దాని చేతులు ఒంటికి చుట్టుకుని కొట్టుకుంటారు. అంత మంచి నటుణ్ణి అక్కడ చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నైట్‌డ్యూటీ:
మీరిద్దరూ సైంటిస్టు వైపే చూస్తున్నారు. బల్ల మీదున్న మనిషి మాటేంటి?

'ద బ్రెయిన్ దట్ వుడెంట్ డై' 1959లో తీశారు, 1962లో విడుదలైంది. కారు ప్రమాదంలో కాబోయే భార్య తల తెగిపోతే, డాక్టరు ఆ తలను ట్రేలో పెట్టి బతికిస్తాడు. దానికి ఒళ్ళు కావాలని క్లబ్బుల వెంట తిరిగి ఆడవాళ్ళను ఎంచుకుంటుంటాడు. ఆమె అడిగేది ఒక్కటే, నన్ను చావనివ్వమని. ఆ పాత్ర వేసిన వర్జీనియా లీత్‌కి అక్కడ నటించడానికి మిగిలింది మొహం, గొంతు అంతే. నెత్తి చుట్టూ కట్టు. ఆ గొంతులో ఏడుపు తక్కువ, కోపం ఎక్కువ. నేను ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తాను. వెంటిలేటర్ మీదున్న కొందరి కళ్ళల్లో అదే మాట చూశాను. అందుకే ఆ సినిమా పెట్టి ఎవరైనా నవ్వితే లేచి వెళ్ళిపోతాను.

ఇక 'రీ-యానిమేటర్'లో నటి బార్బరా క్రాంప్టన్‌ని నగ్నంగా బల్లకి కట్టేసి, పచ్చమందుతో లేచిన ఓ డాక్టరు తెగిన తల చేసే పని... దాన్ని నేను సమర్థించలేను.

సెకండ్‌షో:
నా మాట దిద్దుకుంటున్నాను. బలం లేమిది కాదు, అడ్డు చెప్పేవాళ్ళు లేకపోవడానిది. 'రీ-యానిమేటర్'ను రేటింగ్ (అమెరికాలో ఏ వయసువాళ్ళు చూడొచ్చో చెప్పే ముద్ర) లేకుండానే విడుదల చేశారు. పెద్ద స్టూడియో అయితే కత్తెర వేసి R రేటింగ్ (పిల్లలు పెద్దవాళ్ళతోనే చూడాలి) తెచ్చుకునేది. పిల్లి సీనుకి దొరికిన స్వేచ్ఛే ఆ బల్ల సీనుకీ దొరికింది. నైట్‌డ్యూటీ గారూ, ఒకటి కావాలంటే రెండోదీ భరించాల్సిందే కదా?

నైట్‌డ్యూటీ:
ఎందుకు భరించాలి? నేను చెప్పిన ఆ ట్రేలో తల సినిమా ఇంకా చవకది. పైగా క్లబ్బు సీన్లలో ఆడవాళ్ళ ఒళ్ళు చూపించి టికెట్లు అమ్మాలనుకున్నదే. అయినా అందులో రాసినవాళ్ళు ఆమె నోరు నొక్కలేదు. అల్మారా గదిలో ఆ డాక్టరే బంధించిన ఇంకో జీవం ఉంటుంది, పాడైపోయిన ప్రయోగాల ముక్కలతో చేసింది. ఆమె తలుపు ఇవతలి నుంచి దానితో మాట్లాడుతుంది. అది తలుపు మీద కొట్టి జవాబిస్తుంది. చివరికి తలుపు విరగ్గొట్టుకుని వచ్చి వాడి మెడ పట్టుకుంటుంది. ల్యాబ్ తగలబడుతుంటే ఆమె నవ్వుతుంది. ఒక ట్రే, ఒక తలుపు, ఇద్దరు నటులు. ఆ సీనుకి అంతకంటే ఏం కావాల్సొచ్చింది చెప్పండి.