సమస్య: నీడ నీలమాయె నెండలోన

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైనే ఉంది. పాలమూరు ఎండల్లో పెరిగినవాళ్లకు నీడంటే నలుపే. దాన్ని నీలం చేయడానికి ఎవరు ఏ దారి పడతారో చూడాలని ఉంది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించి పంపండి.

పాలమూరు కుంచె: ఆరుబయట ఆయిల్ రంగులతో మనిషి బొమ్మ వేయడం నేర్చుకుంటున్నాను. పూరణ అక్కడినుంచే వచ్చింది.

పసుపు వన్నె యెండ పమిటపై రాలగ
నలుపు ముట్టకుండ నలదుచుండ
కనులు సగము మూసి కనుగొంటి నిజమును
నీడ నీలమాయె నెండలోన

నేరుగా పడే ఎండ పసుపు. అది తగలని మడతల్లోకి వచ్చేది ఆకాశపు వెలుతురు. అందుకే తెల్లచీర నీడ నీలంగా, ఊదాగా కనిపిస్తుంది. అక్కడ నల్లట్యూబు పిండితే బొమ్మలో ఎండ చచ్చిపోతుంది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రమట్టి గోధుమరంగు కలిపితే కావలసినంత ముదురు వస్తుంది.

మూసీ తీరం: రెండో పాదం నాకు నచ్చింది. మూడోదాంట్లో "నిజమును" మాత్రం పాదం నింపడానికే వచ్చింది. చెరువు మీద ఇచ్చిన సమస్యలోనూ మీరు ఇదే మాట చివర్లో తెచ్చి పెట్టారు. నా పూరణ:

పానగల్లు గుడిని పరమేశుపై వాలి
గరళకంఠు సొబగు గైకొనంగ
కదలకుండ నిలిచెను కంబము చాయయె
నీడ నీలమాయె నెండలోన

దేవరకొండ మాస్టారు: నీలకంఠుడి మీద వాలిన నీడకు ఆ నీలం అంటడం భలే ఊహ! కానీ "నిలిచెను" ఏమిటి నాయనా? ఆ "ను" తీసెయ్, గణం తప్పుతోంది. చాయ అన్నాక మళ్లీ నీడ ఎందుకు?

పాలమూరు కుంచె: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో కంబం నీడ పడేది గర్భగుడిలో కదా, మరి "ఎండలోన" ఎక్కడ పూరించారు? మూసీ గారు ఏ సమస్య ఇచ్చినా పానగల్లే చేరతారు. ఇక నా "నిజము" సంగతి. కళ్లు సగం మూస్తే ముక్కు, గాజులు, చీర అంచు అన్నీ పోయి వెలుగూ నీడా రెండే మిగులుతాయి. బొమ్మలో ముందు పరచాల్సింది వాటినే. నేను కనుగొన్నది అది.

మూసీ తీరం: బయట ఎండ లేకుంటే లోపల ఆ నీడే ఉండదు. పగలంతా కదలని నీడ మా నల్లగొండలో ఉండగా నేను ఇంకెక్కడికి పోవాలి? మాస్టారూ, సవరించాను: "కదలకుండ నిలిచి కంబాన బుట్టిన".

దేవరకొండ మాస్టారు: ఇప్పుడు నాలుగో పాదంలోకి చక్కగా జారింది.

కోయిల్‌సాగర్ అక్క:

బిడ్డ కూరుచుండ పిల్లల మర్రిలో
ఆకు సందు దూరి యర్కకాంతి
చెంప మీద చిందె, చేరువ నున్నట్టి
నీడ నీలమాయె నెండలోన

పాలమూరు కుంచె: అక్కా, ఇది నాకు తట్టలేదే! 1876లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు రెన్వార్ ఇలాంటి బొమ్మే పెట్టాడు, ఆకుల మధ్యనుంచి ఎండ పడిన స్త్రీది. ఒంటిమీది ఆకుపచ్చ, ఊదా మచ్చలు చూసి ఒక విమర్శకుడు కుళ్లిన మాంసమని రాశాడు. ఆ మచ్చలే ఎండ అని అతనికి కనిపించలేదు. గాలికి ఆకులు కదిలితే మచ్చలన్నీ మారిపోతాయి, వేయడం చాలా కష్టం.

మూసీ తీరం: ఊహ బాగుంది. "నున్నట్టి" సాగదీసినట్టుంది. మర్రి కింద కూర్చుంటారు గానీ మర్రిలో ఏమిటక్కా?

కోయిల్‌సాగర్ అక్క: మన పాలమూరు పిల్లలమర్రి మూడెకరాల మేర ఊడలు దిగిన చెట్టు తమ్ముడూ. ఊడల మధ్య కూర్చుంటే మర్రిలోనే కూర్చున్నట్టు. "నున్నట్టి"కి ఇంకో మాట నువ్వే చెప్పు, మార్చుకుంటాను.