ఐరన్‌మ్యాన్‌లో మారథాన్‌ని మొదటి నుంచీ నడవాలనుకోవడం తప్పా?

మాధవి_గండిపేట:
అందరికీ నమస్కారం. లంకావిలో జరిగే ఐరన్‌మ్యాన్ మలేషియాకి పేరు ఇచ్చాను. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, చివర 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ కలిపి 17 గంటల్లో ముగించాలి. ఈత, సైకిల్ గురించి నాకు బెంగ లేదు. మోకాలే చాలాకాలంగా సతాయిస్తోంది. నడవొచ్చు, కాళ్ల బలానికి వ్యాయామాలు చెయ్యొచ్చు, రోడ్డు మీద గంటల తరబడి పరిగెత్తడం మాత్రం వద్దన్నారు డాక్టర్. అందుకని ఆ 42 కిలోమీటర్లూ వేగంగా నడిచేద్దామని ప్లాన్.

ఆదివారం ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ మీద రైడ్ అయ్యాక టీ దగ్గర ఈ మాట చెప్పాను. "నడిస్తే అది ఐరన్‌మ్యాన్ ఎలా అవుతుంది? మెడల్ కోసం అంత దూరం వెళ్లాలా?" అన్నారు ఒకరు. అప్పటి నుంచీ మనసు బాగాలేదు. ఓదార్పు వద్దు, మీకేమనిపిస్తే అది చెప్పండి.

వెంకట్_పెడల్:
మాధవి గారూ, సూటిగా అడిగారు కాబట్టి చెబుతున్నాను. నా దృష్టిలో ఇది సరికాదు. మూడో భాగం పరుగు. కడుపు తిప్పేసి, పిక్కలు పట్టేసి, ఇక గత్యంతరం లేక నడిచేవాళ్లంటే నాకు చాలా గౌరవం. వాళ్లు పరిగెత్తడానికని వచ్చారు, శరీరం సహకరించలేదు. పరిగెత్తే ఉద్దేశమే లేకుండా రావడం వేరు. ఏప్రిల్ ఎండల్లో తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు పరిగెత్తి, ఆ తర్వాత ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆ శిక్షణే ఈ రేసుకి అర్థం. ఈత, సైకిల్ మాత్రమే ఉండే ఆక్వాబైక్ పోటీలున్నాయి, ఈ ఏడాదికి అవి చూడండి. మోకాలు కుదురుకున్నాక పూర్తి రేసుకి వెళ్లండి. మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు.

శిరీష_డల్లాస్:
వెంకట్ గారూ, ఉద్దేశాన్ని బట్టి ఫినిషర్‌ని తేల్చాలంటే ఎవరు తేల్చాలి? రూల్ పుస్తకం అయితే ఆ పని చెయ్యలేదు. పరుగు భాగంలో పరిగెత్తవచ్చు, నడవవచ్చు, చివరికి పాకవచ్చు కూడా అని ఐరన్‌మ్యాన్ నిబంధనల్లోనే ఉంది. ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్ ఆటని నడిపే వరల్డ్ ట్రయాథ్లాన్ సంస్థ నిబంధనలు పాకడాన్ని ఒప్పుకోవు కానీ నడకని ఒప్పుకుంటాయి.

చరిత్ర కూడా చూడండి. 1982 ఫిబ్రవరిలో హవాయిలో జూలీ మాస్ ముందంజలో ఉండి, ముగింపు గీతకి కొద్ది దూరంలో కూలిపోయింది. లేచింది, పడింది, చివరికి పాకుతూ గీత దాటింది. ఆలోపే కాథ్లీన్ మెకార్ట్నీ పక్క నుంచి వెళ్లి గెలిచేసింది. టీవీలో ఆ దృశ్యం చూసే ఎంతోమంది ఈ ఆటలోకి వచ్చారు. 2017లో హవాయిలోని కోనాలో యాన్ ఫ్రోడెనో సంగతి చూడండి. 2008 ఒలింపిక్ ట్రయాథ్లాన్ విజేత, అంతకుముందు రెండేళ్లూ అక్కడ వరుసగా ఛాంపియన్. మారథాన్ మొదట్లోనే నడుం పట్టేసింది. ఆగాడు, వంగి సాగదీసుకున్నాడు, నడిచాడు, మళ్లీ కదిలాడు. మొత్తం 9 గంటల 15 నిమిషాలకి చేరాడు. అది ఫినిష్ కాదని ఎవరైనా అన్నారా?

వెంకట్_పెడల్:
శిరీష గారూ, మీరు చెప్పిన ఇద్దరూ నా వాదనకే సాక్ష్యం. ఇద్దరూ పరిగెత్తడానికి వచ్చినవాళ్లే. రూల్ ఒప్పుకుంటుందని నాకూ తెలుసు. నేను రూల్ గురించి కాదు, రేసు పట్ల మన బాధ్యత గురించి మాట్లాడుతున్నాను.

ప్రసాద్_కాకినాడ:
గౌరవం సంగతి తర్వాత. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే చాలామంది "నడిచేస్తే సరిపోతుంది" అనేస్తారు. సరిపోదు.

మాధవి గారు ఈతకి 1 గంట 40 నిమిషాలు, సైకిల్‌కి 8 గంటలు, మధ్యలో బట్టలు మార్చుకోవడానికి రెండుసార్లూ కలిపి 20 నిమిషాలు తీసుకున్నారనుకుందాం. సరిగ్గా 10 గంటలు. మిగిలింది 7. దారిలో ఇంచుమించు ప్రతి 2 కిలోమీటర్లకీ నీళ్ల టేబుల్ ఉంటుంది. ఒక్కోచోట నిమిషం ఆగినా 20 నిమిషాలు పోతాయి. మిగతా 6 గంటల 40 నిమిషాల్లో 42.2 కిలోమీటర్లంటే గంటకి 6.3 కిలోమీటర్ల వేగం, అంటే కిలోమీటర్ 9 నిమిషాల 30 సెకన్లలో. మనం కూరగాయలకి నడిచే వేగం గంటకి 5 దాటదు. ఆ వేగంతో ఈ దూరానికి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, రేసు అయిపోయి టేబుళ్లు మడిచేస్తారు.

సైకిల్ కటాఫ్, అంటే సైకిల్ దిగాల్సిన గడువు, సాధారణంగా రేసు మొదలైన 10 గంటల 30 నిమిషాలకి. అంచు మీద దిగితే మిగిలేది ఆరున్నర గంటలే. ఆగకుండా గంటకి 6.5 వేగంతో నడవాలి. 10 గంటలు ఒళ్లు హూనం అయ్యాక, చీకట్లో, అరికాళ్లు బొబ్బలెక్కాక ఆ వేగం నిలబెట్టడం ఎవరికైనా కష్టమే. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్, రోత్ లాంటి రేసులకి మొత్తం గడువే 15 గంటలు. అక్కడ ఈ ప్లాన్ గురించి మాట్లాడుకోవడమే అనవసరం.

కాబట్టి వెంకట్ గారూ, శిక్షణ లేకుండా మెడల్ కొట్టేసే దారి ఇది కాదు. దీనికీ తెల్లవారుజామున లేవాల్సిందే. మాధవి గారూ, మీ ప్లాన్ తప్పు కాదు, కానీ మీరు దాన్ని సులువైనదిగా చూస్తుంటే మాత్రం ప్రమాదంలో ఉన్నారు.

సలీం_వరంగల్:
ప్రసాద్ అన్న లెక్క బాగుంది. ఇంకో వైపు నుంచి చెబుతా. గోవాలో జరిగే సగం దూరాల ఐరన్‌మ్యాన్‌లో సాయంత్రం నీళ్ల టేబుల్ దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డా. 21 కిలోమీటర్ల పరుగే, అయినా అక్కడ నేను చూసింది ఇదీ: సైకిల్ దిగగానే దూసుకుపోయినవాళ్లలో చాలామంది రెండో రౌండ్‌కి వచ్చేసరికి కాళ్లు ఈడుస్తున్నారు. ప్రతి టేబుల్ దగ్గరా బుద్ధిగా నడిచి, నీళ్లు తాగి, తలమీద ఐస్ పెట్టుకుని మళ్లీ కదిలినవాళ్లు మొదటి రౌండ్ ఎలా ఉన్నారో రెండో రౌండ్ అలాగే ఉన్నారు. అలా నడిచినవాళ్లు పోగొట్టుకునే టైం ఎంత? గంటకి 8.5 వేగంతో పరిగెత్తే మనిషి ఒక్కో టేబుల్ దగ్గర 40 సెకన్లు 6 వేగంతో నడిస్తే, పరుగుతో పోలిస్తే 12 సెకన్లు పోతాయి. 20 టేబుళ్లకి 4 నిమిషాలు. పరిగెత్తుతూ తాగితే సగం నీళ్లు బనీను మీదే పోతాయి.

అమెరికాలో జెఫ్ గాలోవే 1970లలోనే పరుగు, నడక కలిపి నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన మనిషి. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే కొద్దికొద్దిగా నడవడం ఆయన పద్ధతి. కాబట్టి ముందే నడవాలనుకోవడం ఉద్దేశం లేకపోవడమని నేను ఒప్పుకోను.

కళ్యాణి_ఫిజియో_విశాఖ:
మోకాలు చూడకుండా సలహా ఇవ్వను, అది మీ డాక్టర్ పని. నడక గురించి మాత్రం రెండు మాటలు.

నడకలో ఎప్పుడూ ఒక పాదం నేల మీద ఉంటుంది కాబట్టి ఒక్కో అడుగుకి మోకాలి మీద పడే దెబ్బ పరుగు కంటే బాగా తక్కువ. అది మీకు లాభం. కానీ అడుగుల సంఖ్య ఎక్కువ, కాళ్ల మీద గడిపే గంటలూ ఎక్కువ. వేగంగా నడిచేటప్పుడు కాలి ముందుభాగంలో ఎముక పక్కనున్న కండరం మండిపోతుంది. పరుగుకి అలవాటుపడ్డ కాళ్లకి ఇది తెలియదు. బీచ్ రోడ్డు మీద గంట నడిచి "ఓకే" అనుకున్నవాళ్లు మూడో గంటలో కూర్చుండిపోవడం చూశాను. ఇంకొకటి, గంటకి 7 కిలోమీటర్లు దాటాక నడక కంటే పరుగుకే తక్కువ శక్తి ఖర్చవుతుంది. శరీరం తానే పరుగులోకి జారిపోవాలని చూస్తుంది. కాబట్టి ఎంత సాధన చేసినా నడకకి ఒక పైగీత ఉంది. నడకలో పోయే టైంని సైకిల్ మీద సంపాదిద్దామని గట్టిగా తొక్కితే తొడలు ముందే అయిపోతాయి, నడక ఇంకా నెమ్మదిస్తుంది.

లంకావిలో ఎండ, గాలిలో తేమ మన విశాఖలాగే ఉంటాయి. గంటల కొద్దీ మామూలు నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో సోడియం పడిపోతుంది, అది ప్రాణాల మీదకి రావచ్చు. నడిచేవాళ్లు ఎక్కువసేపు దారిలో ఉంటారు కాబట్టి వాళ్లకే ఈ ముప్పు ఎక్కువ.

డాక్టర్ ఒప్పుకుంటే, మొత్తం నడకకి బదులు 4 నిమిషాలు నడక, 1 నిమిషం మెల్లని పరుగు అడిగి చూడండి. నడక 6, పరుగు 8.5 వేగమైతే సగటు 6.5 వస్తుంది. మోకాలికి దెబ్బ తక్కువ, గడియారానికి సరిపోతుంది.

వెంకట్_పెడల్:
ప్రసాద్ గారూ, కళ్యాణి గారూ, లెక్కలు ఒప్పుకుంటాను. ఇంత శిక్షణ చేసి నడిచేవాళ్లని మెడల్ కోసం వచ్చారని నేను అనను, ఆ టీ దగ్గరి మాట నాకూ నచ్చలేదు. కానీ నా ప్రధాన అభ్యంతరం అలాగే ఉంది. "నడవచ్చు" అని అందరూ వినేసి, ఏ శిక్షణా లేకుండా పేర్లు ఇచ్చేస్తున్నారు. అందుకే కటాఫ్ విషయంలో ఎవరికీ సడలింపు ఉండకూడదంటాను. 2015లో హవాయిలో జపాన్‌కి చెందిన హిరోము ఇనాడా 17 గంటల గడువుని కేవలం 5 సెకన్లతో తప్పిపోయారు. ఆయనకి అప్పటికి 82 ఏళ్లు. జనమంతా ఏడ్చినంత పని చేశారు, అయినా ఫినిషర్ జాబితాలో పేరు రాలేదు. అదే సరైన పని. ఆయన మళ్లీ శిక్షణ తీసుకుని వచ్చి, 2018లో 85 ఏళ్ల వయసులో 16 గంటల 53 నిమిషాల్లో ముగించారు.

శిరీష_డల్లాస్:
ఇనాడా గారి ఉదాహరణతో నాకు పేచీ లేదు. గడియారం ఎవరి ఉద్దేశాన్నీ అడగలేదు, వయసునీ అడగలేదు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

మాధవి_గండిపేట:
అందరికీ కృతజ్ఞతలు. డాక్టర్‌ని 4:1 గురించి అడిగాను. మెత్తటి నేల మీద మొదలుపెట్టి, వాపు రాకపోతే మెల్లగా పెంచమన్నారు. రేసుకి ఆరు వారాల ముందు ఒక పరీక్ష పెట్టుకుంటున్నాను: ఉదయం 120 కిలోమీటర్ల సైకిల్, వెంటనే 4 గంటల నడక. గంటకి 6.3 నిలవకపోతే ఆక్వాబైక్‌కి మారతాను. వెంకట్ గారూ, మీ మాట నన్ను బాధపెట్టలేదు, ఆ పరీక్ష పెట్టుకోవాలనే ఆలోచన మీ వల్లే వచ్చింది.

ప్రసాద్_కాకినాడ:
పరీక్ష మంచిదే, ఒక్క మార్పు చెయ్యండి. చల్లటి వేళలో సైకిల్ తొక్కేసి నడిస్తే ఫలితం నమ్మలేం. లంకావిలో మీరు సైకిల్ దిగేది సాయంత్రం, పగలంతా ఎండలో తొక్కాక. నడక సాయంత్రం మొదలయ్యేలా సైకిల్ ఆలస్యంగా తియ్యండి, రేసులో తాగబోయే ఉప్పు కలిపిన డ్రింకే తాగండి. మొత్తం సగటు చూసి తేల్చకండి. మొదటి గంటకీ నాలుగో గంటకీ తేడా ఎంతో రాసుకోండి. నాలుగో గంటలో 6 కిందకి పడితే, ఆ తర్వాత నడవాల్సిన రెండున్నర గంటల్లో అది ఇంకా పడుతుంది.