సర్వర్ల నుంచి పాత సెక్యూరిటీ ఏజెంట్‌ను తీసేదెలా?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో ఒక చిన్న కంపెనీలో సర్వర్లు చూసుకుంటాను. కొత్త సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొన్నారు, కాబట్టి 40 సర్వర్ల నుంచి పాత ఏజెంట్ (ప్రతి సర్వర్‌లో నడిచే పాత సెక్యూరిటీ ప్రోగ్రామ్) తీసేయాలి. సగం విండోస్ సర్వర్ 2019, సగం ఉబుంటు 22.04.

విండోస్‌లో అన్‌ఇన్‌స్టాల్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అది పాత సాఫ్ట్‌వేర్ కన్సోల్‌లోనే (అన్ని ఏజెంట్లనూ ఒకేచోట నుంచి నడిపే పేజీ) దొరుకుతుంది, దాని లైసెన్సేమో ఈ నెలాఖరుకి అయిపోతుంది. ఏజెంట్‌ను ఎవరూ ఆపకుండా, తీసేయకుండా అడ్డుకునే టాంపర్ ప్రొటెక్షన్ ఇప్పుడే ఆపి పెట్టుకోవచ్చా? తీశాక, ఫైళ్ల మీద నిఘా పెట్టే దాని ఫిల్టర్ డ్రైవర్ మిగిలిందేమో ఎఫ్ఎల్‌టీఎంసీ (fltmc) కమాండ్‌తో చూస్తే సరిపోతుందా?

అసలు తలనొప్పి ఒక ఉబుంటు సర్వర్‌తో. నాకు ముందు పనిచేసినాయన ప్యాకేజీ తీయకుండా ఏజెంట్ ఫోల్డర్‌ను మాత్రం చేత్తో డిలీట్ చేసి, ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు! ఇప్పుడు ప్యాకేజీని సెట్టింగులతో సహా తీసే పర్జ్ కమాండ్ కొడితే, తొలగించే ముందు నడిచే స్క్రిప్ట్ తన ఫైల్ దొరక్క ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఎల్ఎస్‌మాడ్ (lsmod) కమాండ్ కొడితే ఏజెంట్ కెర్నల్ మాడ్యూల్ (ఆపరేటింగ్ సిస్టమ్ లోపల నడిచే దాని భాగం) ఇంకా లోడయ్యే ఉంది. అదే వెర్షన్ మళ్లీ వేసి పద్ధతిగా తీయడం మేలని నాకనిపిస్తోంది. మా టీమ్‌లో ఒకరు ఆ స్క్రిప్ట్‌నే మార్చేయమంటున్నారు. ఆ సర్వర్‌లో బిల్లింగ్ డేటాబేస్ ఉంది, అదీ నా టెన్షన్. స్నాప్‌షాట్ (సర్వర్ ఉన్నదున్నట్టు సేవ్ చేసిన కాపీ) తీశాను గానీ, రీబూట్‌కి ఆదివారం రాత్రి ఒక గంటే ఇచ్చారు.

ఇలాంటిది చేసినవాళ్లెవరైనా ఉంటే ఏ దారి పట్టారో చెప్పండి, ప్లీజ్.