పాత జిప్సీ సైలెన్సర్ లైను: ఇంట్లో మనమే మార్చుకోవాలా, ఆటోనగర్‌లో అతుకు వేయించాలా?

(ప్రతి మాటకీ ముందున్నది అది రాసినవారి మారుపేరు.)

నల్లరేగడి (గుంటూరు):
బండి 2003 జిప్సీ, 1298 సీసీ, ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు కొలిచి పెట్రోలు చిమ్మే ఇంజను). పొద్దున్నే స్టార్ట్ చేయగానే మానిఫోల్డు (ఇంజను పొగ గొట్టాలు కలిసే పోత) కింద టుస్ టుస్ మంటోంది, వేడెక్కాక తగ్గుతోంది. కన్వర్టరు (పొగలోని విషాన్ని తగ్గించే డబ్బా) దాటాక పైపు అడుగుభాగంలో స్క్రూడ్రైవరు పొడిస్తే దిగిపోతోంది. సైలెన్సరు డబ్బా వెనక కుట్టు విచ్చుకుంది. ‘లైనంతా బోల్టు సామానే, ఆదివారం ఇంటి దగ్గరే మార్చేయొచ్చు’ అని కొందరు. ‘విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లి పాడైన ముక్క కోయించి కొత్తది అతికించు, గంట పని’ అని ఇంకొందరు. ఏది నిలుస్తుందో కారణాలతో చెప్పండి.

13 నంబర్ రింగు:
ఇంట్లోనే మార్చండి. స్క్రూడ్రైవరు దిగిన పైపుకి అతుకు వేయడమంటే నలిగిపోయిన పంచెకి కొత్త గుడ్డ మాసిక వేయడమే. కుట్టు బాగానే ఉంటుంది, పక్కన చిరుగుతుంది.

ఈ తుప్పు లోపల్నుంచి బయటికి వచ్చేది. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఇంటి నుంచి పక్క బజారు దాకా పోయి వచ్చే బండిలో వెనక డబ్బా సరిగా కాగనే కాగదు. ఆ ఆవిరి అక్కడే నీరై అడుగున నిలుస్తుంది. పైన చిల్లు ఒకటి కనపడిందంటే చుట్టూ జానెడు మేర రేకు పలచబడిపోయిందనే లెక్క. 1.6 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట అర మిల్లీమీటరు మిగిలుంటే గొప్ప. దాని మీద వెల్డింగ్ ఎక్కడ నిలుస్తుంది?

ఎర్త్‌వైర్ (ఆటోనగర్, విజయవాడ):
రింగు గారూ, పలచటి రేకు మీద అతుకు వేసేవాణ్ణి వెల్డర్ అనకండి. వేస్తే ఏమవుతుందో నేనే చెప్తా. 2.5 మిల్లీమీటర్ల రాడ్డు అంటించగానే చిల్లు అంచు ఎర్రబడి బొట్టుగా జారిపోతుంది. దాన్ని పూడుద్దామని ఇంకో చుక్క పెడితే దాని పక్కది జారుతుంది. కందిగింజంత చిల్లు రూపాయి బిళ్లంత అవుతుంది. పైన ముద్దగా లోహం పేరుకుంటుంది, చుట్టూ రేకు ఇంకా పలచనవుతుంది.

పద్ధతి అది కాదు. పైపు పొడుగునా చిన్న సుత్తితో కొట్టుకుంటూ రావాలి. గట్టి లోహం ఖణేల్ మంటుంది, పుచ్చినది డబ్ మంటుంది. ఖణేల్ మన్న చోటు నుంచి ఇంకో 2 అంగుళాలు దాటి కోయాలి. కొత్త ముక్కని 0.8 మిల్లీమీటర్ల తీగతో సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు రక్షణలో వేసేది), ముందు నాలుగు దిక్కులా టాకాలు (చిన్న చుక్క అతుకులు), ఆ తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం నిండు కుట్టు. ఏకబిగిన చుట్టేస్తే పైపు వంకర తిరుగుతుంది.

ఇక ‘బోల్టు సామానే’ అన్నారు. కొత్తలో బోల్టు సామానే. ఇరవై ఏళ్లు కాగి, చల్లారి, వానలో నానిన నట్టు, స్టడ్డుతో (తల లేని మరబోల్టుతో) కలిసి ఒకటే ఇనుపముద్ద. ఇంట్లో స్టడ్డు విరిగితే బండిని ఆటోనగర్‌కి లాక్కురావాల్సింది తాడు కట్టి.

13 నంబర్ రింగు:
లాగేవాడికి విరుగుతుంది, విప్పేవాడికి కాదు. రెండు రోజుల ముందు నుంచి పూటకోసారి పెనిట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి పాకే నూనె) కొట్టండి. అంతకుముందు మరల మీది మసి, మట్టి వైరు బ్రష్‌తో గీకాలి, లేకపోతే ఆయిలు మట్టికే సరిపోతుంది. ఎం8 (8 మిల్లీమీటర్ల మర) నట్టుకి సరిగ్గా సరిపోయే ఆరు పలకల బాక్స్ స్పానరే వాడాలి. పన్నెండు పళ్లది తుప్పు నట్టు మూలలు గుండ్రం చేసేస్తుంది. ముందు బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పండి, టిక్కుమంటుంది. అప్పుడు విప్పండి. పావు తిప్పు వదులు, అర తిప్పు బిగువు, మళ్లీ ఆయిలు. కిర్రుమంటూ బిగుసుకుంటే ఆపి వెనక్కి రావాలి. అక్కడ మొండిగా లాగారా, స్టడ్డు తెగినట్టే.

ఇంకా రాకపోతే నట్టుని మాత్రం గ్యాస్ మంటతో ముదురు ఎరుపు దాకా కాల్చి, కాస్త చల్లారనిచ్చి మరలకి మైనపు కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి లోపలికి పాకుతుంది. అయితే ఆయిలు కొట్టిన చోట మంట పెట్టకూడదు, ముందు శుభ్రంగా తుడిచేయాలి.

ఎర్త్‌వైర్:
అన్నీ బాగానే చెప్పారు, ఇంటి దగ్గర గ్యాస్ మంట ఎవరికుందో అది చెప్పలేదు. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో పెట్రోలు బండి కింద టార్చి వెలిగిస్తారా? మంటా గ్రైండరూ పెట్రోలు ట్యాంకుకీ ఆ గొట్టాలకీ దూరంగానే ఉండాలి. మా దగ్గరైనా మధ్యలో తడి గోనె సంచులు అడ్డం కట్టి, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకునే మొదలుపెడతాం.

విరిగిన స్టడ్డు సంగతి కూడా వినండి. బయటికి కాస్త మొన ఉంటే దాని మీద ఎం10 నట్టు కూర్చోబెట్టి, నట్టు రంధ్రంలోంచి సీఓటూతో నింపేస్తాం. ఎరుపు పోయి నల్లబడగానే స్పానరు వేసి అటూ ఇటూ మెల్లగా ఊపితే వచ్చేస్తుంది. తుప్పు పట్టు వదిలించేది ఆ వేడే. నట్టు పట్టు కోసం మాత్రమే. లోపలికి విరిగితే నడిమధ్య పంచ్ గుర్తు పెట్టి డ్రిల్లు వేయడమే. మరలు పోతే ఎం8కి 6.8 డ్రిల్లు, 1.25 ట్యాపు (మర కోసే పనిముట్టు), అదీ పోతే కాయిల్ ఇన్సర్ట్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట). జిప్సీ హెడ్డు అల్యూమినియం, డ్రిల్లు పక్కకి జారితే స్టీలుని వదిలేసి మెత్తటి అల్యూమినియాన్నే తింటూ పోతుంది. ఇది చేతి డ్రిల్లుతో నేర్చుకునే పని కాదు.

లోగేర్ (మంగళగిరి):
ఇద్దరూ విప్పడం దగ్గరే ఆగారు. కుట్టు ఎందుకు విచ్చుకుందో ఎవరూ అడగలేదు.

లైను మొత్తం ఇంజనుకి బోల్టు అయి, ఛాసిస్‌కి రబ్బర్ల మీద వేలాడుతుంది. గేరు వేసి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను మౌంటింగుల (అది కూర్చునే రబ్బరు దిమ్మల) మీద ఒరుగుతుంది. ఆ కదలిక రబ్బర్ల దగ్గర పోవాలి. రబ్బరు తెగితే బైండింగు తీగ చుట్టేవాళ్లు, ఇనప పట్టీ తెచ్చి ఛాసిస్‌కి నేరుగా వెల్డ్ చేసేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఆ ఊపంతా మానిఫోల్డు ఫ్లాంజి (బోల్టులు పట్టే అంచు పళ్లెం) మీదికి, డబ్బా కుట్టు మీదికి పోతుంది. మీ బండిలో సరిగ్గా ఆ రెండు చోట్లే పోయాయి చూడండి. పైపుల సంగతి తర్వాత, ముందు ఇంజను, గేర్‌బాక్సు మౌంటింగులు చూడండి. రబ్బర్లు మారిస్తే అన్నీ ఒకేసారి మార్చాలి.

బిగించేటప్పుడు స్టాండ్లు ఛాసిస్ కింద పెడితే యాక్సిల్ కిందికి వేలాడుతుంది. ఆ స్థితిలో వెనక పైపు బాగా ఎడంగా కనిపిస్తుంది, నేల మీదికి దించాక యాక్సిల్‌కి కొడుతుంది. అందుకని స్టాండ్లు యాక్సిల్ కింద పెట్టి, బండి తన బరువు మీద నిలబడ్డప్పుడే పైపు సర్దాలి. ఆ తర్వాత ఛాసిస్ ఎత్తి, కమానులు పూర్తిగా దిగినప్పుడు ఎక్కడ తాకుతోందో చూడాలి. బంప్ స్టాపు (యాక్సిల్ పైకి ఎక్కే హద్దులో ఉండే రబ్బరు) దాకా యాక్సిల్ ఎక్కినప్పుడూ ఖాళీ మిగలాలి. బ్రేకు హోసు, పెట్రోలు గొట్టం, హ్యాండ్‌బ్రేకు కేబులు, వీటికి అంగుళం ఎడం తప్పనిసరి. మీది గుంటూరు పక్క నల్లరేగడి నేల కదా, ఆ బంక మట్టి డబ్బా మీద పేరుకుని వారాలపాటు చెమ్మ వదలదు. చేల్లోంచి వచ్చిన ప్రతిసారీ అడుగు కడగాలి.

తారురోడ్డు:
ఇంత గొడవెందుకు బాసూ. కన్వర్టరు పీకేసి, స్టెయిన్‌లెస్ 304 పైపు సూటిగా లాగెయ్. తుప్పు ఉండదు, పికప్ పెరుగుతుంది.

పీయూసీ బాబాయి:
తమ్ముడూ, బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) పెట్రోలు కార్లకు పొగ పరీక్షలో ఐడ్లింగులో (ఇంజను ఊరికే నడుస్తుంటే) కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం లోపే ఉండాలి. కన్వర్టరు లేకుండా అది గట్టెక్కడం కష్టం. మోటారు వాహనాల చట్టం 190(2) కింద, 2019 సవరణ తర్వాత, కాలుష్యమైనా శబ్దమైనా పరిమితి దాటితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సుకి అనర్హత కూడా.

పికప్ మాటకొస్తే, కన్వర్టరు మూసుకుపోయి ఉంటే తీసినప్పుడు పెరిగినట్టు అనిపిస్తుంది. మూసుకుపోయిందో లేదో కొలవొచ్చు. ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ కొలిచేది) తీసి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి పెట్టండి. మర ఎం18, 1.5 పిచ్. అడాప్టరు ఏ లేత్ షాపులోనైనా తిప్పిస్తారు. గేజికీ అడాప్టరుకీ మధ్య మూరెడు రాగి గొట్టం ఉండాలి, లేకపోతే రబ్బరు హోసు కరిగిపోతుంది. 2500 ఆర్‌పీఎంలో 3 పీఎస్‌ఐ దాటితే దారి మూసుకుంది. దాటకపోతే కన్వర్టరు జోలికి పోవద్దు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన బండి అయితే ఈ పరీక్ష తప్పదు. ఒండ్రు తేనెపట్టు లాంటి ఆ రంధ్రాల్లో ఎండిందంటే ఎంత కడిగినా పూర్తిగా రాదు. డబ్బాలో దూది లాంటి ప్యాకింగు ఉంటే అదీ అంతే.

ఎర్త్‌వైర్:
304 మీద నాకూ ఒక మాట ఉంది. అది మామూలు ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. మీటరు పైపు 400 డిగ్రీలు వేడెక్కితే ఇనుము 5 మిల్లీమీటర్ల లోపు సాగుతుంది, 304 దాదాపు 7 సాగుతుంది. పాత హ్యాంగర్ల మీద బిర్రుగా బిగిస్తే ఫ్లాంజి పక్కనే పగులుతుంది. స్టెయిన్‌లెస్‌ని ఇనప ఫ్లాంజికి అతికించాలంటే 309 రకం స్టెయిన్‌లెస్ తీగ వాడాలి, మామూలు తీగతో వేస్తే ఆ కుట్టే ముందు తుప్పు పడుతుంది.

‘అయస్కాంతం అంటుకుంది, ఇది స్టీలు కాదు’ అని కొట్టు దగ్గర తగాదా పడతారు కొందరు. కంపెనీ సైలెన్సర్లకు ఎక్కువగా వాడే 409 కూడా స్టెయిన్‌లెస్సే, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. పైన ఎర్రగా లేత తుప్పు కడుతుంది, అంత తొందరగా లోపలికి తినదు.

నీళ్ల పైపుల కొట్లో జీఐ పైపు మాత్రం తేవద్దు. జింకు పూత కాలితే తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరమే.

13 నంబర్ రింగు:
304 ఖర్చు దండగ అని నేనూ ఒప్పుకుంటా, కానీ కారణం వేరు. పైపు పదేళ్లు నిలిచినా డబ్బా అన్నాళ్లు నిలవదు. అసలు కొలతలో, 1.6 మందం మామూలు పైపు, రెడీమేడ్ డబ్బా చాలు. డబ్బాకి నీళ్లు కారే 3 మిల్లీమీటర్ల చిల్లు ఉందేమో చూసి, అది కిందికి వచ్చేట్టు తిప్పి బిగించండి.

లోగేర్:
ఆ చిల్లులోంచి వాగు దాటేటప్పుడు నీళ్లు లోపలికి పోవా అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తున్నా. ఇంజను ఆగనంతసేపు పొగ తోపుకి పెద్దగా పోవు. ఆగితే చిల్లు ఉన్నా లేకున్నా తోక పైపులోంచే నిండుతాయి. ఎక్కువ నష్టం కాగిన సెన్సర్ మీద చన్నీళ్లు పడితే. లోపలి పింగాణీ పగులుతుంది.

నల్లరేగడి:
మరి చల్లగా ఉన్నప్పుడు టుస్ మని, వేడెక్కాక తగ్గేది? దాన్ని అలా వదిలేస్తే?

పీయూసీ బాబాయి:
వదలొద్దు. అది సెన్సర్ కంటే ముందు ఉన్న లీకు అయితే పొగ బయటికి రావడంతో ఆగదు. రెండు తోపుల మధ్య బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. సెన్సర్‌కి అది పెట్రోలు తక్కువైనట్టు కనిపిస్తుంది, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) పెట్రోలు పెంచుతుంది. మైలేజి పోతుంది, అదనపు పెట్రోలు కన్వర్టర్లో మండి దాన్నీ కరిగించొచ్చు. పైగా మీ జిప్సీ గుడ్డ టాపుది అయితే, వెనక కర్టెన్ ఎత్తి నడిపితే పొగ లోపలికే సుడి తిరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు.

లీకు పట్టాలంటే ఆరుబయట, చల్లటి ఇంజనుని స్టార్ట్ చేయగానే, ఒకరు తోక పైపుని తడిగుడ్డతో కాసేపు అదిమితే చాలు, ఎక్కడున్నా బుసకొడుతుంది. సబ్బు నీళ్లు చల్లితే బుడగ. సెల్లార్‌లో మాత్రం ఈ పరీక్ష చేయకండి.

ఎర్త్‌వైర్:
వేడెక్కాక తగ్గుతోందంటే లోహం సాగి సందు మూసుకుంటోంది. గాస్కెట్ (అతుకు సందు మూసే పలక) అయినా పోయి ఉండాలి, మానిఫోల్డుకి సన్న పగులైనా ఉండాలి. మసి గీత ఎక్కడ మొదలైందో చూడండి. మామూలు సిలికాన్ పూసి కప్పెట్టకండి, అక్కడి వేడికి అది ఆగదు, దాని ఆవిరి సెన్సర్‌ని పాడుచేస్తుంది కూడా. మానిఫోల్డు విప్పాల్సివస్తే ముఖం సమంగా ఉందో లేదో స్కేలు పెట్టి చూసి, వంగితే మిల్లింగుకి ఇవ్వాలి. పోతపోసిన ఇనుము పగిలితే వెల్డింగ్ నేను కూడా వేయను, వేరేది వెతుక్కోవాల్సిందే.

13 నంబర్ రింగు:
సరే, స్టడ్ల దగ్గర ఎర్త్‌వైర్ గారి మాటే మాట. ఆయిలు కొట్టినా కదలకపోతే ముందు భాగం వాళ్ల దగ్గరే విప్పించండి. కన్వర్టర్ వెనక నుంచి తోక దాకా మాత్రం ఇంటి పనే, ఆ మాట వెనక్కి తీసుకోను. పాత డబ్బాని విప్పడానికి కుస్తీ పట్టకండి, కోసి పారేయండి. కొత్తదాని జారుడు అతుకులో పైపు 40-50 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. యూ-బోల్టు క్లాంపు పైపుని నొక్కి గాడి చేసేస్తుంది, మళ్లీ విడదీయలేరు. వెడల్పు బ్యాండు క్లాంపు కొనండి. అన్నీ వదులుగా వేలాడదీసి, ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రండి. గాస్కెట్లు పాతవి వాడొద్దు. మరలకి రాగి యాంటీసీజ్ (పట్టేయకుండా పూసే పేస్టు), నట్లు వీలైతే ఇత్తడివి. మాన్యువల్లో ఉన్న టార్క్ వేయండి. దొరకని చోట ఎం8కి 22-25 న్యూటన్ మీటర్లు, ఎం10కి 45 దగ్గర. రెండు మూడుసార్లు కాగి చల్లారాక మళ్లీ ఒకసారి స్పానరు పెట్టి చూడండి.

ఎర్త్‌వైర్:
వెనక డబ్బా మీరే మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు, అది బేరం కాని పని. వెల్డింగుకి తెచ్చేటప్పుడు మాత్రం బ్యాటరీ నెగటివ్ విప్పమని మీరే అడగండి, ఎర్త్ క్లిప్పు అతికే పైపుకే పట్టించమనండి. ఎక్కడో బంపర్‌కి పట్టిస్తే కరెంటు బేరింగుల్లోంచో, వైరింగులోంచో దారి వెతుక్కుంటుంది. ఇంకోటి, కోసిన పాత పైపు పాత ఇనుము వాడికి వేయకుండా వెంట తెండి. బెండు దాన్ని పక్కన పెట్టుకునే వంచాలి.